మార్లో చూసి మనసు పారేసుకున్నాం. ఇల్లు కొనేయమంటారా?

తీరంకావాలి | ఆదివారం రాత్రి 10:14

అందరికీ నమస్కారం. ఇక్కడ చాలా రోజులుగా చదువుతున్నాను, రాయడం మాత్రం ఇదే మొదలు.

మేం లండన్ పడమటి వైపు హౌన్స్‌లోలో రెండు బెడ్‌రూముల ఫ్లాట్‌లో ఉంటున్నాం. నేను, మా ఆవిడ, ఇయర్ 4 చదివే పాప, మూడేళ్ళ బాబు. బాబు సైకిల్ బాత్‌టబ్‌లో పెట్టుకునే పరిస్థితి, అర్థం చేసుకోండి.

ఇవాళ ఎండ బాగుందని, లండన్‌కి ఇంకా పడమటగా ఉన్న మార్లో అనే చిన్న ఊరు వెళ్ళాం. థేమ్స్ మీద తెల్లగా ఆ వేలాడే వంతెన, ఆనుకునే చర్చి శిఖరం, ఇవతల పెద్ద పార్కు, నీళ్ళ మీద తెడ్లు వేసుకుంటూ పోయే పిల్లలు. మా పాప గడ్డిలో చెప్పులు విప్పేసి మళ్ళీ వేసుకోనని మొండికేసింది. ఊరికే ఏజెంట్ ఆఫీసు అద్దంలోకి తొంగి చూస్తే, వంతెనకి నాలుగు వీధుల అవతల ఒక విక్టోరియన్ టెర్రస్ ఇల్లు కనబడింది. మూడు బెడ్‌రూములు, చిన్న పెరడు, అడిగే ధర 6,25,000 పౌండ్లు. మా ఫ్లాట్ అమ్మితే వచ్చేది, దాచుకున్నది కలిపితే లోన్ వస్తుంది. కాస్త బిగుతుగా.

నా ఆఫీసు లండన్ మధ్యలో లివర్‌పూల్ స్ట్రీట్ స్టేషన్ దగ్గర, వారానికి మూడు రోజులు వెళ్ళాలి. "లండన్ గంటలోపే సార్" అన్నాడు ఏజెంట్. ఈ వీధికి వరద ఎప్పుడూ రాలేదన్నాడు. స్కూళ్ళ గురించి చెప్పక్కర్లేదన్నాడు. శనివారం రెండోసారి చూడబోతున్నాం. అక్కడ ఉంటున్నవాళ్ళు, ఉండి వచ్చేసినవాళ్ళు ఉన్నదున్నట్టు చెప్పండి. మా ఆవిడకి కూడా బాగా నచ్చింది.

మైడెన్‌హెడ్‌మావయ్య | ఆదివారం రాత్రి 10:52

గంటలోపే అంటే ఎక్కణ్ణుంచి ఎక్కడికో అడిగావా బాబూ?

మార్లో స్టేషన్‌కి ఉన్నది ఒకే ప్లాట్‌ఫాం. అక్కణ్ణుంచి లండన్‌కి నేరుగా బండి లేదు. మైడెన్‌హెడ్ దాకా ఒంటి లైను, దాన్ని ఇక్కడివాళ్ళు ముద్దుగా "మార్లో డాంకీ" అంటారు. గాడిద అని పేరు పెట్టుకున్నాక వేగం గురించి అడగకూడదు. పొద్దున్నా సాయంత్రం రద్దీ వేళల్లో అది మార్లోకీ బోర్న్ ఎండ్‌కీ మధ్యే అటూ ఇటూ తిరుగుతుంది. బోర్న్ ఎండ్‌లో దిగి ఇంకో బండి ఎక్కాలి, మైడెన్‌హెడ్‌లో దిగి మళ్ళీ లండన్ మధ్యలోంచి పోయే ఎలిజబెత్ లైన్ రైలు ఎక్కాలి. ఇంటి నుంచి స్టేషన్‌కి నడక పది నిమిషాలు, డాంకీ ఇరవై పైన, మైడెన్‌హెడ్‌లో నిలబడటం ఒక పది, అక్కణ్ణుంచి లివర్‌పూల్ స్ట్రీట్‌కి యాభై దాకా. నువ్వే కూడుకో. లండన్‌లో ప్యాడింగ్టన్ స్టేషన్‌కి ఫాస్ట్ బండి దొరికితే కొంచెం కలిసొస్తుంది కానీ, అక్కడ దిగి కింద ఎలిజబెత్ లైన్ ప్లాట్‌ఫాంకి పరుగెత్తాలి.

అసలు బాధ నిమిషాల్లో లేదు, అతుకుల్లో ఉంది. లండన్ నుంచి వచ్చే బండి రెండు నిమిషాలు ఆలస్యమైతే డాంకీ నీకోసం ఆగదు. ఆ రెండు నిమిషాలకి అరగంట పోతుంది. రాత్రి అయితే గంట.

పదకొండేళ్ళుగా మైడెన్‌హెడ్‌లో ఉంటున్నా. ఆ ఖాళీ ప్లాట్‌ఫాం మీద నిలబడి ఫోన్‌లో టాక్సీ వెతుక్కునే మార్లో జనాన్ని వారానికొకసారైనా చూస్తాను.

పౌండుపిచ్చి | ఆదివారం రాత్రి 11:03

ఏజెంట్ల గంటకి తొంభై నిమిషాలు. కొత్తగా వచ్చారా ఈ దేశానికి?

బోర్న్‌ఎండ్‌బుజ్జి | సోమవారం ఉదయం 6:48

నేను పక్కూళ్ళోనే ఉంటాను, ఆరేళ్ళయింది. మావయ్యగారు చెప్పినదాంట్లో అబద్ధం లేదు కానీ, మరీ అంత భయపెట్టక్కర్లేదండీ. నేను వారానికి రెండు రోజులు వెళ్తాను, బోర్న్ ఎండ్ నుంచి ఎక్కుతాను కాబట్టి ఒక అతుకు తక్కువ. రెండు రోజులకి ఆ ప్రయాణం హాయిగానే ఉంటుంది. రద్దీ లేనప్పుడు ఆ బండి మార్లో నుంచి నేరుగా మైడెన్‌హెడ్ వెళ్తుంది. అప్పుడొక తమాషా ఉంటుంది. బోర్న్ ఎండ్‌లో బండి ఆగగానే డ్రైవర్ దిగి, ప్లాట్‌ఫాం మీద నింపాదిగా నడుచుకుంటూ రెండో కొసకి వెళ్ళి, అటు నుంచి మళ్ళీ నడుపుతాడు. ఎందుకంటే ముందుకి పట్టాలే లేవు. హై వికమ్ వైపు వెళ్ళే లైను 1970లోనే మూసేశారు. మా అబ్బాయికి ఇప్పటికీ అదే ఇష్టమైన సినిమా.

మూడు రోజులైతే నాకు కష్టం. నాలుగు రోజులైతే ఇల్లు అమ్మేస్తాను.

నది గురించి అడిగారు కదా. శీతాకాలం పొద్దున్నే నీళ్ళ మీద పొగమంచు లేస్తుంటే అందులోంచి రోయింగ్ పడవ ఒక్కటి చప్పుడు లేకుండా వస్తుంది. అది చూసినప్పుడు నెల నెలా కట్టే మార్ట్‌గేజ్ గుర్తు రాదు. మిగతా అన్ని రోజులూ గుర్తొస్తుంది. బాతుల రెట్టలు, వేసవిలో ముసురుకునే దోమలాంటి పురుగులు, ఆదివారం మన ఇంటి ముందే ఎవరో కారు పెట్టేసి పోవడం, ఇవన్నీ కూడా నదితో పాటు వచ్చేవే. నదికి దగ్గరగా పాత ఇళ్ళకి చెమ్మ ఎక్కువ. వార్డ్‌రోబ్ వెనక గోడ తడిమి చూడండి శనివారం. సిగ్గుపడకండి.

ఇంకొకటి, మార్లో లాక్ (పడవల్ని ఎక్కించి దించే నీటి గేట్లు) పక్కనే వియర్, అంటే చిన్న ఆనకట్ట ఉంటుంది. నీళ్ళు దూకే చప్పుడు పగలు వినసొంపుగా ఉంటుంది. రాత్రి రెండింటికి కిటికీ తెరిచి పడుకుంటే ఎవరో కుళాయి కట్టెయ్యడం మర్చిపోయినట్టు ఉంటుంది. అలవాటైపోతుందిలెండి.

లెక్కలమాస్టారు | సోమవారం ఉదయం 9:20

వరద ఎప్పుడూ రాలేదు అనేది జవాబు కాదు. ఎవరికి తెలిసినంతలో రాలేదు అన్నది ప్రశ్న. ఇల్లు అమ్మేవాళ్ళు టీఏ6 అనే ఫారం నింపాలి. అందులో ఇంటికి ఎప్పుడైనా వరద వచ్చిందా అని సూటిగా అడుగుతారు. ఏజెంట్ నోటి మాట పక్కనపెట్టి, మీ సొలిసిటర్ (లాయర్) ద్వారా ఆ కాగితం తెప్పించుకోండి.

ఈలోపు ప్రభుత్వ వెబ్‌సైట్‌లో పోస్ట్‌కోడ్ కొట్టి, దీర్ఘకాలిక వరద ప్రమాదం ఎంతో చూడండి. అందులో "మీడియం" అంటే ఏడాదికి 1 శాతం నుంచి 3.3 శాతం దాకా అవకాశం. ఒక్క శాతమే కదా అనిపిస్తుంది. మీరు ఆ ఇంట్లో ఉండేది ఒక్క ఏడాది కాదు. ఏడాదికి 1 శాతం చొప్పున పాతికేళ్ళలో కనీసం ఒక్కసారి వచ్చే అవకాశం 22 శాతం. 3.3 శాతమైతే 57. బొమ్మా బొరుసూ కంటే ఎక్కువే అన్నమాట. నది వరద ఒకటే కాదు, వాన నీరు నిలిచే ప్రమాదం విడిగా చూపిస్తుంది, అదీ చూడండి. భూగర్భ జలం ఇంకోటి.

ఇన్సూరెన్స్ కోట్ ఇప్పుడే తీసుకోండి, కాంట్రాక్టులు ఎక్స్ఛేంజ్ అయ్యి, ఇక వెనక్కి తగ్గలేని స్థితి వచ్చాక కాదు. వరద ముప్పు ఉన్న ఇళ్ళకి అందుబాటు ప్రీమియంతో పాలసీ దొరకాలని 2016లో "ఫ్లడ్ రీ" అనే పథకం మొదలైంది. 2009 జనవరి 1 నుంచి కట్టిన ఇళ్ళకి అది వర్తించదు. మీది విక్టోరియన్ కాబట్టి ఆ చిక్కు లేదు. కానీ ఆ పథకం 2039 దాకానే. మీ లోన్ పాతికేళ్ళంటే 2039 తర్వాత కూడా చాలా ఏళ్ళు మిగిలి ఉంటుంది. ఆ మిగిలిన ఏళ్ళకి ప్రీమియం ఎంతో ఇవాళ ఎవరూ చెప్పలేరు.

తీరంకావాలి | సోమవారం మధ్యాహ్నం 1:05

అందరికీ థాంక్స్. మావయ్యగారూ, మూడు రోజులే కదా, ప్రయాణంలో లాప్‌టాప్‌లో పని చేసుకుంటాను. మాస్టారూ, చూశాను. నదికి "లో" అని వచ్చింది, వాన నీటికి మీడియం. లో అంటే భయం లేనట్టే కదా?

ఇంకో సంగతి, కారు ఉంది. మైడెన్‌హెడ్ స్టేషన్ దాకా డ్రైవ్ చేసుకుని అక్కడ పార్క్ చేస్తే డాంకీ గొడవే ఉండదు. ఆరు మైళ్ళు కూడా లేదు.

మైడెన్‌హెడ్‌మావయ్య | సోమవారం మధ్యాహ్నం 1:31

ఆ ఆరు మైళ్ళలో బిషమ్ రౌండెబౌట్ ఉంది. ఎం40, ఎం4 మోటర్‌వేల మధ్య తిరిగేవాళ్ళంతా ఏ404 రోడ్డు మీద అక్కడే కలుస్తారు. పొద్దున ఏడున్నరకి ఒకసారి వెళ్ళి చూసిరా. పోన్లే, వంతెన మీదుగా పోదామా అంటే చివరికి కలిసేది ఆ రోడ్డునే.

లెక్కలమాస్టారు | సోమవారం మధ్యాహ్నం 1:40

"లో" అంటే ఏడాదికి 0.1 నుంచి 1 శాతం. అది ఇంటి లోపలికి వచ్చే నీటి లెక్క కూడా కాదు, ఆ ప్రాంతానికి వేసిన అంచనా. గుమ్మం రోడ్డు కంటే ఎన్ని మెట్లు ఎత్తులో ఉందో మీరే చూడాలి. భయపెట్టడం లేదు. నేనైతే ఈ ఒక్క కారణంతో ఆ ఇల్లు వదులుకోను.

రేజ్‌బరీ2014 | సోమవారం రాత్రి 9:47

ఈ చర్చ చదివి ఊరుకోలేక రాస్తున్నాను. కొంచెం పెద్దదవుతుంది, ఏమనుకోవద్దు.

మార్లో కాదు మాది, థేమ్స్‌కి ఇంకా దిగువన రేజ్‌బరీలో అద్దెకి ఉండేవాళ్ళం. 2014 ఫిబ్రవరి. వారం రోజుల నుంచి వరద హెచ్చరికలు వస్తూనే ఉన్నాయి. పక్కింటి ముసలాయన ఇసుక బస్తాలు గుమ్మానికి పేర్చి, మాకూ నాలుగిచ్చాడు. నేను గర్వంగా ఫొటో కూడా తీశాను. పొద్దున నాలుగింటికి మా ఆవిడ నీళ్ళు తాగడానికి కిందికి దిగి నన్ను కేకేసింది. బస్తాలు పొడిగా ఉన్నాయి. గుమ్మం పొడిగా ఉంది. హాల్లో కార్పెట్ మీద కాలు పెడితే చితచితమంటోంది. నీళ్ళు తలుపులోంచి రాలేదు, నేలలోంచి వచ్చాయి. అక్కడ నేల కింద అంతా గులక, నది నిండితే అడుగు నుంచి ఊరుతుంది. ఇసుక బస్తా దాన్నేం చేస్తుంది?

తర్వాత టాయ్‌లెట్ బుడబుడమనడం మొదలైంది. ఆ వాసన గురించి ఇక్కడ రాయను.

మోకాలి దాకా వచ్చి ఆగింది. ఎక్కువ కాదు కదా అంటారు అందరూ. మోకాలి దాకా అంటే ప్లగ్ పాయింట్లు, ఫ్రిజ్ మోటారు, సోఫా, పాప పుట్టినప్పటి ఫొటోలు ఉన్న కింది అర, అన్నీ పోయాయి. అద్దెవాళ్ళం కాబట్టి గోడలు మావి కావు. సామాన్ల ఇన్సూరెన్స్ చేయించుకోవాలని ఎవరూ చెప్పలేదు, మేమూ చేయించుకోలేదు. ఇంటాయన ఇల్లు ఆరబెట్టి మళ్ళీ ప్లాస్టరింగ్ చేయించేసరికి తొమ్మిది నెలలు. మేం ఆగలేదు, రెడింగ్ వెళ్ళిపోయాం.

మార్లో మా ఊరంత పల్లం కాదని తెలుసు. కొనొద్దని అనడం లేదు. ఇప్పటికీ ఆదివారం నది ఒడ్డుకి వెళ్తాం. పిల్లలు ఆడుకుంటారు. మా ఆవిడ మాత్రం రెయిలింగ్ దగ్గర నిలబడి నీళ్ళు గోడ మీద ఎన్నో రాయి దాకా ఉన్నాయో చూస్తుంది.

పౌండుపిచ్చి | సోమవారం రాత్రి 10:02

అన్నా, జోకులేసినందుకు సారీ.

కాంక్రీటోడు | సోమవారం రాత్రి 10:36

వరద రక్షణ పనుల్లోనే ఉద్యోగం చేశాను కాబట్టి రెండు ముక్కలు. మైడెన్‌హెడ్, విండ్సర్, ఈటన్‌లని కాపాడటానికి జూబిలీ రివర్ అని ఒక నదినే తవ్వారు. పేరుకే నది, నిజానికి పదకొండు కిలోమీటర్ల పైచిలుకు వరద కాలువ, 2002లో తెరిచారు. చూస్తే మనిషి తవ్విందని అనిపించదు, చుట్టూ రెల్లు, పక్షులు. మరుసటి ఏడాది జనవరిలోనే పెద్ద వరద వచ్చి దాన్ని పరీక్షించింది. కట్టలు అక్కడక్కడా దెబ్బతిన్నాయి. మా ఊళ్ళ మీదకి నీళ్ళు తోసేశారని దిగువవాళ్ళు గగ్గోలు పెట్టారు. దాని కింద డాచెట్, రేజ్‌బరీ వైపు ఇంకో కాలువ తవ్వాలనుకున్నారు కానీ, ఆ బెర్క్‌షైర్ భాగం 2020లో డబ్బుల దగ్గర ఆగిపోయింది.

ఎందుకు చెప్తున్నానంటే, థేమ్స్ ఒడ్డు ఊళ్ళన్నీ ఒకటి కావు. ఒక ఊరు గోడ కట్టుకుంటే ఆ నీరు ఎక్కడికి పోతుందో కూడా చూడాలి. మీ వీధికి ఏ రక్షణ ఉంది, అది ఎంత వరదకి కట్టారు, ఈ రెండూ ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీని అడిగితే చెప్తారు.

ఇంకో సరదా సంగతి. మార్లో వంతెన 1832 నాటిది. కట్టినాయన విలియం టియర్నీ క్లార్క్. బుడాపెస్ట్‌లో డాన్యూబ్ మీద ఉన్న చెయిన్ బ్రిడ్జ్ డిజైనూ ఆయనదే. మార్లోది మూడు టన్నులకి మించి మొయ్యకూడదు. 2016లో 37 టన్నుల లారీ ఒకటి దాని మీదకి ఎక్కేసింది. రెండు నెలలు మూసేశారు, ఊరు రెండు ముక్కలైంది. మీ సామాన్ల లారీవాడికి ముందే చెప్పండి, వంతెన మీదుగా రాకూడదని.

టెస్ట్‌టెన్షన్‌అమ్మ | మంగళవారం ఉదయం 11:15

పాప ఇయర్ 4 అన్నారు. అయితే మీకు నది కంటే పెద్ద విషయం ఇంకోటుంది, ఎవరూ చెప్పలేదేంటి?

మార్లో ఉన్న బకింగ్‌హమ్‌షైర్ కౌంటీలో గ్రామర్ స్కూళ్ళు, అంటే పరీక్ష పెట్టి పిల్లల్ని ఎంచుకునే ప్రభుత్వ స్కూళ్ళు ఇంకా ఉన్నాయి. మార్లోలోనే 1624లో పెట్టిన సర్ విలియం బోర్లేస్ గ్రామర్ ఉంది, అబ్బాయిలకీ అమ్మాయిలకీ. ఇయర్ 6 మొదట్లో, సెప్టెంబర్‌లో వాటి కోసం ట్రాన్స్‌ఫర్ టెస్ట్ రాస్తారు. 121 స్కోరు వస్తే అర్హత. అర్హత వస్తే సీటు వచ్చినట్టు కాదు, క్యాచ్‌మెంట్‌లో, అంటే ఆ స్కూలు పరిధిలో ఉన్నవాళ్ళకి ముందు ఇస్తారు. ఆ కౌంటీ ప్రభుత్వ ప్రైమరీలో చదివే పిల్లల పేర్లు వాటంతట అవే నమోదవుతాయి, బయటి పిల్లల పేర్లు మనం నమోదు చేయించాలి. అక్టోబర్‌లో ఫలితాలు, 31 లోపు అప్లికేషన్, మార్చి 1న సీటు చెప్తారు. వెనక్కి లెక్కేసుకుంటే మీ చేతిలో ఏడాదిన్నర కూడా లేదు.

అదే బ్రాంచి లైనులో కుకమ్, ఫర్జ్ ప్లాట్, మైడెన్‌హెడ్ వేరే కౌన్సిల్ కిందకి వస్తాయి, అక్కడ గ్రామర్లు లేవు. బోర్న్ ఎండ్ బకింగ్‌హమ్‌షైర్. ఒక్క స్టేషన్ తేడాతో పిల్లల చదువు దారి మారిపోతుంది. అందుకే ఇటువైపు ఇళ్ళ ధర ఆ మాత్రం. మీరు కట్టే డబ్బులో సగం హంసలకి, సగం 121కి.

బోర్న్‌ఎండ్‌బుజ్జి | మంగళవారం ఉదయం 11:50

నిజమే గానీ దీనికి రెండోవైపు కూడా చెప్పాలి కదండీ. మా పెద్దవాడికి 117 వచ్చింది. పదేళ్ళ పిల్లాడు ఆ అంకె చూసుకుని రెండు రోజులు గదిలోంచి బయటికి రాలేదు. ఇప్పుడు మామూలు స్కూల్లో శుభ్రంగా చదువుతున్నాడు, ట్రంపెట్ కూడా నేర్చుకున్నాడు (మాకు నిద్ర లేదు). గ్రామర్ సీటు ఖాయం అనుకుని ఇల్లు కొనకండి. రాకపోయినా ఇక్కడే హాయిగా ఉంటాం అనుకుంటేనే కొనండి.

స్టేన్స్‌శీను | మంగళవారం మధ్యాహ్నం 12:22

నది కావాలంటే థేమ్స్ స్టేన్స్‌లో కూడా పారుతుంది బ్రో. లండన్‌లో వాటర్లూ స్టేషన్‌కి నేరుగా రైలు, మారడాలు లేవు. 2012లో మా ఊరి పేరుకి "అపాన్ థేమ్స్" కూడా తగిలించారు, ఇంకేం కావాలి? అందం కొంచెం తక్కువే, ఒప్పుకుంటా. విండ్సర్ చూస్తే రెండు స్టేషన్లు, ఒకదాని నుంచి వాటర్లూ నేరుగా. కానీ తూర్పు గాలి వీచిన రోజుల్లో హీత్రూ విమానాలు విండ్సర్ మీదుగా దిగుతాయి. ఇల్లు చూడటానికి వెళ్ళిన రోజు పడమటి గాలి ఉంటే ఆ సంగతి మీకు తెలీనే తెలీదు.

తీరంకావాలి | మంగళవారం రాత్రి 8:30

స్టేన్స్ చూశాం శీను బ్రో. మా పాప చెప్పులు విప్పలేదు.

స్టాంప్ డ్యూటీ లెక్క సరిగ్గా ఉందో లేదో ఎవరైనా చూస్తారా? 6,25,000కి 21,250 వచ్చింది. అమ్మో అనిపించింది.

లెక్కలమాస్టారు | మంగళవారం రాత్రి 8:41

సరిగ్గానే ఉంది. మొదటి 1,25,000కి ఏమీ లేదు, ఆ తర్వాతి 1,25,000కి 2 శాతం, మిగతా 3,75,000కి 5 శాతం. ఆ డబ్బు వెనక్కి రాదు. రెండేళ్ళకే నచ్చక అమ్మేస్తే, నెలకి దాదాపు 900 పౌండ్లు నది చూసినందుకు టికెట్ కట్టినట్టు. అందుకే ముందు అద్దెకి ఉండి చూడమంటాను. 2026 మే 1 నుంచి అద్దెలకి ఏడాది, ఆర్నెల్లు అనే గడువు కట్టేయడం లేదు, మీరు రెండు నెలల నోటీసిచ్చి వచ్చేయొచ్చు. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా ఉండండి. అప్పటికీ నచ్చితే అది మీ ఊరే.

నైట్‌షిఫ్ట్‌రాణి | మంగళవారం రాత్రి 11:58

నమస్తే. "మా ఆవిడకి కూడా బాగా నచ్చింది" అని రాశారు చూడండి, ఆ ఆవిడని నేనే. ఈయన ఫోన్‌లో ఈ పేజీ తెరిచి ఉంటే ఇప్పుడే మొత్తం చదివాను. అకౌంట్ కూడా ఇప్పుడే తెరిచాను.

నచ్చింది అన్నమాట నిజమే. ఎవరికి నచ్చదు? కానీ ఇన్ని పోస్టుల్లో లివర్‌పూల్ స్ట్రీట్‌కి ఎన్ని నిమిషాలో పది రకాలుగా లెక్కేశారు. నేను ఎక్కడ పని చేస్తానో ఒక్కరూ అడగలేదు. ఈయన చెప్పనూ లేదు.

స్లౌ దాటాక ఒక హాస్పిటల్లో రేడియోగ్రాఫర్‌ని. ఎర్లీ షిఫ్ట్ అయితే ఏడున్నరకి యూనిఫాంలో ఉండాలి. హౌన్స్‌లోలో మా కింది ఫ్లోర్‌లో ఒక చైల్డ్‌మైండర్ ఉంది, డబ్బులు తీసుకుని తన ఇంట్లోనే పిల్లల్ని చూసుకుంటుంది. ఆరున్నరకి తలుపు కొడితే బాబుని పైజమాలతోనే తీసుకుంటుంది, వాడు అక్కడే తింటాడు. పాపని ఎనిమిదిన్నరకి స్కూల్‌కి దింపేది కూడా ఆవిడే. మా ఇల్లు నడిచేది నా జీతం మీదా ఈయన జీతం మీదా కాదు, ఆవిడ మీద.

మార్లో వెళ్తే ఈయన మూడు రోజులు ఆరూ నలభైకల్లా ఇంట్లోంచి బయటపడాలి. నేను ఆరున్నరకి. ఆ తర్వాత పిల్లల దగ్గర ఎవరుంటారు? హంసలా?

పౌండుపిచ్చి | బుధవారం ఉదయం 12:04

పాప్‌కార్న్ తెచ్చుకుంటున్నా.

మోడరేటర్ | బుధవారం ఉదయం 7:30

భార్యాభర్తలిద్దరికీ స్వాగతం. పాప్‌కార్న్ పోస్టులు ఇంకో పదకొండు తీసేశాం. విషయం మీద ఉండండి.

టెస్ట్‌టెన్షన్‌అమ్మ | బుధవారం ఉదయం 9:10

రాణిగారూ, నూటికి నూరుపాళ్ళు. ఇది ముందు అడగాల్సిన ప్రశ్న, మేమే మర్చిపోయాం. ఒక చైల్డ్‌మైండర్ దగ్గర ఎనిమిదేళ్ళలోపు పిల్లలు మొత్తం ఆరుగురే ఉండొచ్చు, అందులో అయిదేళ్ళలోపు వాళ్ళు మామూలుగా ముగ్గురే. చిన్న ఊళ్ళో ఆ ముగ్గురిలో ఒక ఖాళీ దొరకడమే గొప్ప, ఆరున్నరకి తలుపు తీసేవాళ్ళు ఇంకా అరుదు. పిల్లల్ని చూసుకోవడానికి ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే 30 గంటలు డబ్బులు మిగులుస్తాయి గానీ తలుపు తెరిపించవు. కౌన్సిల్ వెబ్‌సైట్‌లో చైల్డ్‌మైండర్ల జాబితా ఉంటుంది, శనివారం ఇల్లు చూసే ముందు ఫోన్లు చెయ్యండి.

తీరంకావాలి | బుధవారం ఉదయం 10:45

నిజం చెప్పాలంటే ఈ సంగతి నా బుర్రకి తట్టలేదు. ఎందుకు తట్టలేదో రాత్రి రెండు దాకా వివరంగా విన్నాను. ఫోన్లు చేసే డ్యూటీ నాదే.

తీరంకావాలి | శుక్రవారం రాత్రి 9:26

అప్‌డేట్. ఇవాళ సెలవు పెట్టి నిజంగానే వెళ్ళి చూశాను. హౌన్స్‌లో నుంచి తెల్లవారుజామునే కారులో మార్లో చేరుకుని, ఆ ఇంటి ముందు ఆపి, అక్కణ్ణుంచి స్టాప్‌వాచ్ పెట్టుకుని ఆఫీసు దాకా. వెళ్ళేటప్పుడు గంటా ముప్పై ఏడు నిమిషాలు. అన్నీ అతికాయి. బోర్న్ ఎండ్‌లో ప్లాట్‌ఫాం మీద నది వైపు నుంచి చల్లటి గాలి వస్తుంటే, వేళకి రైలు ఎక్కితే ఇంత బాగుంటుందా అనిపించింది. వచ్చేటప్పుడు మైడెన్‌హెడ్‌లో మెట్లు దిగి ఎక్కేసరికి డాంకీ వెనక దీపం కనబడింది. మొత్తం రెండు గంటలా పన్నెండు. లాప్‌టాప్ తెరిచింది ఎలిజబెత్ లైన్‌లో మాత్రమే, అదీ సీటు దొరికాక. మావయ్యగారూ, టాక్సీ వెతుక్కునేవాళ్ళలో ఇవాళ నన్ను చూశారేమో.

చైల్డ్‌మైండర్లకి పద్నాలుగు ఫోన్లు చేశాను. మార్లోలో అందరికంటే ముందు తలుపు తీసేది ఏడున్నరకి, అదీ సెప్టెంబర్ దాకా ఖాళీ లేదు. మైడెన్‌హెడ్‌లో ఒకావిడ ఏడింటికి తీసుకుంటానంది. హాస్పిటల్లో పనిచేసే అమ్మలు ఇంకో ఇద్దరున్నారట, షిఫ్ట్ రోజుల్లో అవసరమైతే ఆరూ నలభైకి కూడా సరేనంది. ఆవిడ పేరు వినగానే మా ఆవిడ ముఖంలో వచ్చిన వెలుగు, మార్లో వంతెన దగ్గర కూడా రాలేదు.

రేపటి రెండో చూపు క్యాన్సిల్ చేశాను. ఏజెంట్ "ఇంకో ముగ్గురు లైన్లో ఉన్నారు సార్" అన్నాడు. ఉండనీ.

మైడెన్‌హెడ్‌మావయ్య | శుక్రవారం రాత్రి 9:50

రా బాబూ రా. మా ఊరు ఫొటోల్లో అంత అందంగా పడదు. కానీ బ్రూనెల్ కట్టిన ఇటుక రైల్వే వంతెన ఉంది. అంత వెడల్పు కమానులు రెండే రెండు, అంత పలచగా వంచాడేమిటి, నిలబడదు అన్నారు ఆ రోజుల్లో. దాని కింద నిలబడి మాట్లాడితే ప్రతి మాటా తిరిగొస్తుంది, పిల్లలు వదలరు. నీ ఎలిజబెత్ లైన్ ఆ వంతెన మీదుగానే పోతుంది. ఒక్కటే రైలు, మారడాలు లేవు.

టెస్ట్‌టెన్షన్‌అమ్మ | శుక్రవారం రాత్రి 10:15

గ్రామర్ సంగతి మాత్రం ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి. మైడెన్‌హెడ్‌లో ఉండి కూడా టెస్ట్ రాయించొచ్చు, కానీ పేరు మీరే నమోదు చేయించాలి, క్యాచ్‌మెంట్ బయట అయితే సీటు కష్టం.

నైట్‌షిఫ్ట్‌రాణి | శనివారం ఉదయం 8:02

మాట్లాడుకున్నాం అక్కా. పాపని కూడా అడిగాం. "టెస్ట్ ఉంటే నది వద్దు" అంది. ఆ చర్చ ఇంకో ఏడాది సాగేలా ఉంది.

ఇవాళ మైడెన్‌హెడ్‌లో రెండు ఇళ్ళు చూస్తున్నాం, కొనడానికి కాదు, అద్దెకి. చెమ్మ చూడటానికి వార్డ్‌రోబ్ వెనక చెయ్యి పెట్టే డ్యూటీ నాది, గుమ్మం మెట్లు లెక్కపెట్టేది ఈయన.

తీరంకావాలి | శనివారం సాయంత్రం 6:40

రెండో ఇల్లు బాగుంది. మూడు మెట్లు. గోడ పొడిగా ఉందని మేడమ్ ధ్రువీకరించారు. ఆ చైల్డ్‌మైండర్ ఇంటికి రెండు వీధుల దూరం. కిటికీలోంచి కనబడేది పక్కింటివాళ్ళ చెత్తబుట్టలు.

మావయ్యగారూ, ఒక్క ప్రశ్న. ఆదివారాలు మీ ఊళ్ళో నది ఒడ్డున ఆ బౌల్టర్స్ లాక్ దగ్గర పార్కింగ్ దొరుకుతుందా?

మైడెన్‌హెడ్‌మావయ్య | శనివారం సాయంత్రం 6:55

పొద్దున తొమ్మిదిలోపు వస్తే దొరుకుతుంది. ఎండ కాస్తే ఎనిమిదిన్నర అనుకో.

నైట్‌షిఫ్ట్‌రాణి | శనివారం సాయంత్రం 7:10

పార్కింగ్ ఎందుకు మావయ్యగారూ, ఇంటి నుంచి నడకే. ఇరవై రెండు నిమిషాలు, బాబుని ఎత్తుకుంటే ఇరవై ఆరు. ఈసారి స్టాప్‌వాచ్ నేను పట్టుకున్నాను.